సస్టైనబిలిటీ ఎంబీఏనా, మామూలు ఎంబీఏనా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది జోగిపేట దగ్గర పల్లె. కెమికల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ చేసి, మూడేళ్లుగా పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ కంపెనీ పర్యావరణ విభాగంలో పని చేస్తున్నాను. డ్యూటీ అంతా ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) దగ్గరే. వయసు 25. సస్టైనబిలిటీ (పర్యావరణాన్ని దెబ్బతీయకుండా వ్యాపారం నడపడం), బిజినెస్ మేనేజ్‌మెంట్ రెండూ కలిపి చెప్పే పీజీ చదవాలని ఉంది. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు బ్రిటన్‌లో ఏడాది ఎంఎస్సీ చేయమంటున్నారు. అన్నీ కలిపి 32 లక్షలు అవుతుందట. నాన్న ఎకరంన్నర పొలం తాకట్టు పెట్టడానికి సిద్ధమే కానీ, ‘ఈ కొత్త పేర్ల చదువులు ఎందుకు, మామూలు ఎంబీఏ చెయ్యి, ఎక్కడైనా బతకొచ్చు’ అంటున్నారు. అమ్మకు నా పెళ్లి టెన్షన్. ఇంకో మాట ఎవరికీ చెప్పలేదు. మా ప్లాంటులో లాగ్‌బుక్ రీడింగులు షిఫ్టు చివర ఒకేసారి రాయిస్తారు. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ నెలంతా 7.2. రేపు పెద్ద చదువు చదివినా ఇలాంటి అబద్ధాలకు అందమైన రిపోర్టులు రాయడమే నా పని అవుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

జవాబు: అమ్మా, నా చిన్న కూతురి వయసు నీది. అందుకే నువ్వు అనే రాస్తున్నాను.

ఎవరికీ చెప్పలేదంటూ చివర్లో రాశావు చూడు, ముందు ఆ సంగతి మాట్లాడుకుందాం. ఏ కోర్సు ఎంచుకోవాలనేది కూడా అక్కడి నుంచే తేలుతుంది.

ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీల పర్యావరణ విభాగాల్లోనే పని చేశాను. నెలంతా 7.2 ఉన్న పుస్తకాలు చాలా చూశాను. పేజీ తిప్పగానే తెలిసిపోతుంది. మూడు షిఫ్టులకూ ఒకే పెన్ను, ఒకే వాలు చేతిరాత, ఎక్కడా కొట్టివేత ఉండదు, ఒక్క నీటి మరక కూడా ఉండదు. నిజంగా ట్యాంకు పక్కన నిలబడి రాసిన పుస్తకానికి అట్ట ఉబ్బి ఉంటుంది, అంచులకు సున్నం అంటుకుని ఉంటుంది. పొద్దున ఆసిడ్ బ్యాచ్ నీళ్లు వస్తే, అన్ని నీళ్లూ ముందుగా కలిసే ఈక్వలైజేషన్ ట్యాంకులో పీహెచ్ 3కి పడిపోవచ్చు, మధ్యాహ్నం కాస్టిక్‌తో రియాక్టర్ కడిగితే 10 దాటవచ్చు. ఆ నీళ్లను సరిచేశాక బయటికొచ్చేచోట కూడా రీడింగు రోజూ కాస్తో కూస్తో కదులుతూనే ఉంటుంది. నీకు ఇది నేను చెప్పక్కర్లేదు, రోజూ చూస్తున్నావు.

అయితే ఒక పని చెయ్యి. నువ్వు తీయని రీడింగు కింద సంతకం పెట్టకు. నీ షిఫ్టులో నువ్వు తీసిన వాటిని, తీసిన టైముతో సహా నువ్వే రాయి. ఇన్‌చార్జ్ గారికి నీతి చెప్పబోతే వినరు. ఇలా చెప్పు: “సార్, ఔషధ పరిశ్రమతో సహా 17 రకాల పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఆదేశించింది. మీటర్ డేటా ఒకటి చెప్తూ, పుస్తకం ఇంకొకటి చెప్తూ ఉంటే, రెండూ పక్కపక్కన పెట్టిన రోజున అడిగేది సంతకం పెట్టినవాళ్లనే.” ఈ మాట చాలామందికి వెంటనే ఎక్కుతుంది. ఎక్కకపోతే, పై చదువు సంగతి తర్వాత, ముందు కంపెనీ మారు. మూడేళ్లు ఈటీపీ నడిపిన కెమికల్ ఇంజనీరుకు జీడిమెట్ల నుంచి విశాఖ దగ్గరి పరవాడ దాకా పని దొరుకుతుంది.

ఇక నీ భయం సంగతి. అందమైన రిపోర్టులు రాసే ఉద్యోగాలు ఈ రంగంలో ఉన్నాయి, లేవని చెప్పను. అలాంటి ఉద్యోగంలో చిక్కుకోకుండా ఉండాలంటే ఏం కావాలో నాకు చాలా ఆలస్యంగా, ఒక అవమానం తర్వాత తెలిసింది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మా ప్లాంటులో ద్రావణులు, అంటే మీరు సాల్వెంట్లు అంటారే అవి, గాల్లో కలిసిపోతున్నాయని, డ్రెయిన్లలోకి పోతున్నాయని 14 పేజీల నోట్ తయారు చేశాను. చట్టాలు, సెక్షన్లు, పక్క ఊరి బావుల సంగతి, అన్నీ రాశాను. ఎండీ గారు మొదటి పేజీ చూసి, చివరి పేజీ తిప్పి, “దీనికి ఖర్చెంత? వచ్చేదెంత?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాను. ఆ సాయంత్రం అకౌంట్స్‌లో పెద్దాయన ఒకరు టీ గ్లాసు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. “అమ్మాయ్, రోజుకు ఎన్ని లీటర్లు పోతోంది?” అని అడిగారు. ఆయన వేసిన లెక్కనే ఇప్పటి ధరల్లో చెప్తాను. రోజుకు 200 లీటర్లు పోతోందనుకో. లీటరు 60 రూపాయలు. అంటే రోజుకు 12 వేలు, ఏడాదికి 300 రోజులు ప్లాంటు నడిస్తే 36 లక్షలు. ఆవిరిని మళ్లీ ద్రవంగా మార్చే కండెన్సర్ ఇంకొకటి పెట్టి, దానికి చల్లటి బ్రైన్ (ఉప్పునీరు) తిప్పితే అందులో సగానికి పైగా వెనక్కి పట్టుకోవచ్చు. ఆయన దాన్ని ఒక్క కాగితం మీద నాలుగు వరసల్లో రాసిచ్చారు. మర్నాడు అదే ఎండీ గారు ఆ కాగితం మీద సంతకం పెట్టారు. బావుల గురించి నేను రాసిన 14 పేజీలు ఆయన చదవనే లేదు. అయినా బావులకు చేరే విషం తగ్గింది.

నువ్వు అడిగిన చదువు, సరైన చోట చదివితే, ఆ పెద్దాయన దగ్గరున్న విద్యను నీకు నేర్పుతుంది. నీ దగ్గరున్న విద్య ఆయనకు లేదు, మామూలు ఎంబీఏ పిల్లలకూ లేదు. డ్రెయిన్ గురించీ, లెడ్జర్ గురించీ రెండూ తెలిసినవాళ్లు మన దగ్గర చాలా తక్కువ. ఇంత పెద్ద ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది అంతా ఇదే. కోర్సు, కాలేజీ, అప్పు, అన్నీ దీనితోనే తూచు.

నీ ప్లాంటులోంచే ఇంకో ఉదాహరణ ఇస్తాను. మీ దగ్గర జీరో లిక్విడ్ డిశ్చార్జ్ ఉండే ఉంటుంది. ఉప్పు ఎక్కువున్న నీళ్లు స్ట్రిప్పర్‌కు (సాల్వెంట్లను వేరుచేసేది), అక్కడి నుంచి ఎమ్‌ఈఈకి (దశలవారీగా నీటిని ఆవిరి చేసేది), చివరికి ఏటీఎఫ్‌డీకి (మిగిలినదాన్ని ఆరబెట్టి ఉప్పుగా తీసేది) పోతాయి. చుక్క నీరు గేటు దాటదు, పటాన్‌చెరు దగ్గర పారే నక్కవాగుకు అదొక రక్షణ. కానీ ఆ నీళ్లను ఆవిరి చేయడానికి బాయిలర్ మండాలి. రోజుకు 50 కిలోలీటర్లు ఆవిరి చేయాలనుకో. కిలో స్టీముతో సుమారు రెండున్నర కిలోల నీరు పోతుందనుకుంటే 20 టన్నుల స్టీము కావాలి. కిలో బొగ్గుకు ఐదు కిలోల స్టీము చొప్పున 4 టన్నుల బొగ్గు. టన్ను 8 వేలు వేసుకున్నా రోజుకు 32 వేలు, ఏడాదికి 96 లక్షలు. టన్ను బొగ్గుకు ఒకటిన్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ చొప్పున చూస్తే రోజుకు 6 టన్నులు, ఏడాదికి 1800 టన్నులు పొగ గొట్టంలోంచి పోతుంది. వాగును కాపాడుతూ గాలిని పాడు చేస్తున్నామన్నమాట. మరి జీరో డిశ్చార్జ్ తీసేద్దామా? కుదరదు, ఆ వాగు పక్క ఊళ్లు ఇప్పటికే పడాల్సినదంతా పడ్డాయి. అసలు 50 కిలోలీటర్లు ఎందుకు పుడుతున్నాయి అని అడగాలి. రియాక్టర్ కడిగే పద్ధతి మార్చి రోజుకు 10 కిలోలీటర్లు తగ్గించగలిగితే ఒక్క బొగ్గులోనే ఏడాదికి 19 లక్షలు మిగులుతుంది, 360 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గుతుంది. ఈ మాట ప్రొడక్షన్ మేనేజర్‌ను, ఫైనాన్స్ మేనేజర్‌ను ఒకే గదిలో కూర్చోబెట్టి ఒప్పించడమే ఈ చదువు అసలు పని. చెట్లు నాటించడం, సైకిల్ ర్యాలీలు పెట్టడం దీని పని కాదు. అవి సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) లెక్కలోకి వస్తాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, అది వేరే కథ. చాలా కాలేజీలు ఈ రెండింటినీ కలగాపులగం చేస్తున్నాయి, సిలబస్ చూసేటప్పుడు జాగ్రత్త.

ఈ చదువుకు గిరాకీ ఎందుకు పెరిగిందో కూడా చూద్దాం. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు నీరు, కరెంటు, వ్యర్థాలు, కార్మికుల భద్రత లాంటివన్నీ లెక్కలతో చెప్పే బీఆర్ఎస్ఆర్ నివేదిక ఇవ్వాలని సెబీ 2021లో చెప్పింది, 2022-23 నుంచి అది తప్పనిసరి అయింది. తర్వాత అందులోని ముఖ్యమైన అంకెలను బయటివాళ్లతో పరిశీలింపజేయాలంటూ ముందు 150 కంపెనీలతో మొదలుపెట్టి ఏటా పరిధి పెంచుతోంది. ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువులు ఐరోపాకు అమ్మేవాళ్లు వాటి తయారీలో ఎంత కార్బన్ పుట్టిందో 2023 అక్టోబరు నుంచి లెక్క చెప్పాల్సి వస్తోంది. మందులు ఆ జాబితాలో లేవు. కానీ మీ కంపెనీకి పీఎస్‌సీఐ (మందులు కొనే పెద్ద కంపెనీల కూటమి) ఆడిటర్లు వస్తూనే ఉండి ఉంటారు, వచ్చినప్పుడు ఈటీపీ దగ్గర రంగులు వేయించడం కూడా నువ్వు చూసి ఉంటావు.

వాళ్లు ఎందుకు వస్తున్నారో తెలుసా? 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ఆ పరిశోధన ప్రపంచమంతా చదివింది. పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు, ఆ ఊళ్ల రైతులు దశాబ్దాల పాటు చెబుతూ వచ్చిన మాటకు ఒక అంకె దొరికింది. తర్వాత తర్వాత స్వీడన్, నార్వే ఆసుపత్రులు మందులు కొనే టెండర్లలో పర్యావరణ షరతులు పెట్టడం మొదలుపెట్టాయి. అంటే నీ ట్యాంకులో నీళ్లు ఎలా ఉన్నాయన్నది ఎక్కడో ఉత్తర ఐరోపాలో ఆర్డర్ దక్కుతుందా లేదా అనేదాన్ని తేలుస్తోంది. ఈ రంగం గుండెకాయలోనే పని చేస్తున్నావమ్మా. నీకు అలా అనిపించకపోవడానికి కారణం, ఆ ప్లాంటులో ఎవరూ నీకు ఇది చెప్పకపోవడమే.

కాలేజీల సంగతికి వద్దాం. మన దేశంలో నేను నమ్మకంగా చెప్పగలిగేవి నాలుగైదే. ఐఐఎం లక్నోలో సస్టైనబుల్ మేనేజ్‌మెంట్ అనే రెండేళ్ల కోర్సు 2015 నుంచి నడుస్తోంది. మొదటి ఏడాది మామూలు మేనేజ్‌మెంట్ పునాది గట్టిగా వేస్తారు, నీకు కావలసింది అదే. ముంబైలో పొవై దగ్గరున్న నిటీ అనే పారిశ్రామిక ఇంజనీరింగ్ సంస్థ 2023లో ఐఐఎం ముంబై అయింది. అక్కడ చాలా ఏళ్లుగా ఇండస్ట్రియల్ సేఫ్టీ, ఎన్విరాన్‌మెంటల్ మేనేజ్‌మెంట్ కలిపి నేర్పిన చరిత్ర ఉంది, ఇప్పుడు సస్టైనబిలిటీ మేనేజ్‌మెంట్ నేర్పుతున్నారు. ఫ్యాక్టరీ వాసన తెలిసిన కాలేజీ అది. నిన్ను చూస్తే నాకు మొదట గుర్తొచ్చింది ముంబైయే. భోపాల్‌లోని ఐఐఎఫ్ఎం (అటవీ నిర్వహణ సంస్థ) 1982లో మొదలైంది, కేంద్ర పర్యావరణ శాఖ కింద ఉంటుంది. అడవులు, పల్లె జీవనోపాధి, స్వచ్ఛంద సంస్థల వైపు పోయేవాళ్లకు అది చాలా మంచి చోటు. ఢిల్లీలో టెరి స్కూల్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, భువనేశ్వర్‌లో ఎక్స్‌ఐఎం యూనివర్సిటీ కూడా ఈ కోర్సు చెప్తున్నాయి. ఇవి కాక ‘గ్రీన్’ అనో ‘ఈఎస్‌జీ’ (పర్యావరణం, సమాజం, పాలన) అనో పేరు తగిలించుకుని ఈ మధ్య పుట్టుకొచ్చిన కోర్సులు బోలెడు. వాటి మీద డబ్బు పెట్టకు.

ఏ కోర్సైనా సరే, ఫీజు కట్టే ముందు సిలబస్ తెరిచి రెండు పేపర్లు వెతుకు. ఒకటి కాస్ట్ అకౌంటింగ్, రెండోది కార్పొరేట్ ఫైనాన్స్. ఆ రెండూ లేని సస్టైనబిలిటీ ఎంబీఏ నీకు వద్దు. కార్బన్ లెక్కలు, లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ (ఒక వస్తువు పుట్టుక నుంచి పారేసేదాకా పర్యావరణంపై పడే భారం లెక్క), పర్యావరణ చట్టాలు నువ్వు ఉద్యోగం చేస్తూ కూడా సగం నేర్చుకోగలవు. బ్యాలెన్స్ షీట్ చదవడం మాత్రం ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టి నేర్పితేనే వస్తుంది. ఆ తర్వాత గత రెండు బ్యాచ్‌ల వాళ్లు ఎక్కడ చేరారో కనుక్కో. కంపెనీ పేరు కాదు, ఏ పనిలో చేరారన్నది అడుగు. పెద్ద బ్యాంకులో చేరి క్రెడిట్ కార్డులు అమ్ముతున్నవాళ్లు ఎక్కువ ఉంటే ఆ కోర్సు సంగతి నీకే తెలిసిపోతుంది. ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థులకు లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ పెట్టు. మొహమాటపడకు, ఇలాంటివాటికి జవాబిచ్చేవాళ్లు చాలామందే ఉంటారు.

మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. మంచి ఐఐఎంలో మామూలు ఎంబీఏ సీటు వస్తే వదులుకోకు. అక్కడ చేరి, సస్టైనబిలిటీ ఎలెక్టివ్‌లు తీసుకుని, ఇంటర్న్‌షిప్ ఏదైనా ఫ్యాక్టరీలో ఇంధనం, నీళ్ల మీద చెయ్యి. మూడేళ్ల ఈటీపీ అనుభవం నీ రెజ్యూమేలో ఉండనే ఉంటుంది. అదే స్థాయి కాలేజీలో రెండు కోర్సులూ దొరికితే మాత్రం సస్టైనబిలిటీ వైపు వెళ్లు. నాన్నగారితో నేను ఒప్పుకోని మాట ఏమిటంటే, పేరున్నా లేకపోయినా ఏదో ఒక ఎంబీఏ చేస్తే ఎక్కడైనా బతకొచ్చు అనేది. ఆ రోజులు పోయాయి. ఊరూపేరూ లేని కాలేజీ ఎంబీఏ కన్నా ఇప్పుడు నీ చేతిలో ఉన్న ఉద్యోగమే నయం.

బ్రిటన్ సంగతి నేరుగా చెప్తాను. పొలం పెట్టి వెళ్లకు. అక్కడి చదువు మంచిది కాదని కాదు. 30 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చేలా తీసుకుంటే నెలకు కిస్తీ 41 వేలు దాటుతుంది. చదువయ్యాక అక్కడ ఉండి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే రెండేళ్ల గడువును 18 నెలలకు తగ్గిస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. ఏడాది కోర్సులో మేనేజ్‌మెంట్ పునాది కూడా పల్చగానే ఉంటుంది. ఉద్యోగం దొరక్క వెనక్కి వస్తే ఆ కిస్తీ కట్టాల్సింది ఎవరు? జోగిపేటలో నాన్నగారే. కన్సల్టెన్సీ వాళ్లకు కమీషన్ యూనివర్సిటీ నుంచి వస్తుంది, నువ్వు విమానం ఎక్కితే వాళ్ల పని అయిపోయినట్టే. వాళ్ల మీద కోపంతో అనడం లేదు, వాళ్ల సలహాను ఎంతవరకు తీసుకోవాలో తెలియాలని చెప్తున్నాను.

స్కాలర్‌షిప్ మీద వెళ్లగలిగితే నా మాట వేరు. బ్రిటన్ చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల పని అనుభవం అడుగుతారు, నీకు ఉంది. చదువయ్యాక రెండేళ్లు మన దేశంలో ఉండాలన్నది వాళ్ల షరతు. ఐరోపాలో ఎరాస్మస్ ముండస్ పేరుతో రెండు మూడు దేశాల్లో చదివించే కోర్సులున్నాయి, వాటిలో పర్యావరణ విధానం, నిర్వహణ కలిపి చెప్పే మెస్‌పామ్ అనే కోర్సు పాతది, పేరున్నది. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశీ చదువుకు 20 లక్షల దాకా ఇచ్చే పథకాలున్నాయి. కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది. నీకు వర్తిస్తుందేమో ముందు అది చూసుకో. కన్సల్టెన్సీ వాళ్లు ఈ మాట చెప్పారా? చెప్పి ఉండరు.

ఇంకో హెచ్చరిక. రిపోర్టులు రాసే ఉద్యోగాల్నే నమ్ముకుని ఈ చదువులోకి దిగకు. ఐరోపాలో కూడా కంపెనీల మీద రిపోర్టుల భారం ఎక్కువైందని 2025లో నిబంధనలు సడలించే పని మొదలుపెట్టారు. ప్రభుత్వాలు మారితే రూల్సు మారతాయి. కానీ బొగ్గు ధర, ట్యాంకర్ నీళ్ల ధర, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపే ఖర్చు ఎవరు అధికారంలో ఉన్నా కట్టాల్సిందే. వాటిని తగ్గించగలిగేవాళ్లను ఏ కంపెనీ వదులుకోదు. నువ్వు ఆ వైపు నిలబడు. నీ 7.2 భయానికి కూడా నాకు తెలిసిన మందు అదే. రీడింగు అబద్ధమైతే ఆదా లెక్క కూడా అబద్ధమవుతుంది, అప్పుడు ఫైనాన్స్ మేనేజర్‌కే నిజమైన అంకె కావాల్సి వస్తుంది. నిజం రాయమని నువ్వు ఒక్కదానివే పోరాడాల్సిన అవసరం అప్పుడు ఉండదు.

అమ్మ టెన్షన్ గురించి ఎక్కువ చెప్పను. ఆమెకు తారీకులు కావాలి. ‘చదువుతాను, తర్వాత చూద్దాం’ అంటే తల్లికి అది అంతులేని మాటలా వినిపిస్తుంది. ఫలానా నెలలో పరీక్ష, ఫలానా నెలలో సీటు తేలుతుంది, ఫలానా ఏడాది చదువు అయిపోతుంది అని క్యాలెండర్ మీద చూపించు. సంబంధాలు చూడటం ఆపమనక్కర్లేదు, చదివించుకునే మనసున్నవాళ్లను చూడమని చెప్పు.

తారీకులంటే గుర్తొచ్చింది. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ మామూలుగా నవంబరు చివర్లో ఉంటుంది, దరఖాస్తులు ఆగస్టులో మొదలవుతాయి. డిగ్రీలో 50 శాతం మార్కులుంటే చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. నేను చెప్పినవాటిలో చాలావాటికి ఆ ఒక్క పరీక్షతో దరఖాస్తు చేసుకోవచ్చు. ఉద్యోగం మానకు. షిఫ్టు అయ్యాక రోజుకు రెండు గంటలు, ఆదివారం ఒక మాక్ టెస్ట్. కెమికల్ వాళ్లకు లెక్కలు భయం ఉండదు, ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకునే విభాగమే మన పిల్లల్ని దెబ్బతీస్తుంది. ఇవాళ్టి నుంచే రోజుకు ఒక ఇంగ్లిష్ ఎడిటోరియల్, ఒక ఆర్థిక వార్త చదువు. తెలియని మాట వస్తే వదిలేయకు. మొదటిసారి సీటు రాకపోతే కుంగిపోవద్దు. ఆ ఏడాది బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ల ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయి. ఇంజనీరింగ్ డిగ్రీతో పాటు పని అనుభవం ఉన్నవాళ్లకే అది, ఆ సర్టిఫికెట్‌కు ఫ్యాక్టరీల్లో నిజమైన విలువ ఉంది. మళ్లీ క్యాట్ ఇంటర్వ్యూకు వెళ్లినా మాట్లాడటానికి నీ దగ్గర సరుకు ఉంటుంది.

ఇంటర్వ్యూలో ‘ఈ కోర్సే ఎందుకు’ అని తప్పకుండా అడుగుతారు. నూటికి తొంభైమంది వాతావరణ మార్పు గురించి, భూమాత గురించి మాట్లాడతారు. నువ్వు ఎమ్‌ఈఈ లెక్క చెప్పు. కంపెనీ పేరు, రహస్య వివరాలు చెప్పకుండా, ‘వాగును కాపాడబోయి బొగ్గు మండిస్తున్నాం, దీన్ని తగ్గించే దారి నాకు తెలుసు, కానీ మేనేజ్‌మెంట్‌ను ఒప్పించే లెక్క తెలియదు, అది నేర్చుకోవడానికి వచ్చాను’ అను. మూడేళ్లు ఆ వాసన మధ్య నిలబడిన అమ్మాయి ఈ మాట చెప్తే ఆ బల్ల అవతల కూర్చున్నవాళ్లు పెన్ను కింద పెట్టి వింటారు.

ఒక సెలవు రోజున హైటెక్ సిటీ వైపు వెళ్లి, పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం చూసి రా. 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. అమెరికా బయట, పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చిన మొదటి భవనం మన హైదరాబాద్‌దే. అక్కడ ఫ్యాక్టరీలకు ఇంధనం, నీళ్లు ఆదా చేయడం మీద శిక్షణలు జరుగుతుంటాయి. గచ్చిబౌలిలో ఈపీటీఆర్ఐ అనే పర్యావరణ శిక్షణ, పరిశోధన సంస్థలోనూ పర్యావరణం మీద కోర్సులు పెడుతుంటారు. కంపెనీ తరఫున పంపమని హెచ్ఆర్‌ను అడుగు. అక్కడ కలిసేవాళ్లు రేపు నీకు పనికొస్తారు.

ఇవన్నీ జరిగేలోగా నీకు ఒక హోమ్‌వర్క్ ఇస్తున్నాను. మీ ఎమ్‌ఈఈ ఆపరేటర్‌ను, బాయిలర్ అటెండర్‌ను అడిగి, వారం రోజుల పాటు స్టీము ఎంత వాడారో, నీళ్లు ఎంత పోయాయో, బొగ్గు ఎంత కాలిందో రాసుకో. పుస్తకంలో రాసింది చూసి కాదు, మీటర్ దగ్గర నువ్వే నిలబడి. నేను కిలో స్టీముకు రెండున్నర కిలోల నీళ్లు అన్నాను. మీ దగ్గర ఎంత వచ్చిందో నాకు రాయి.